దూదికి తెలుస్తోంది, దారానికి తెలియట్లేదు: చేతివేళ్ల స్పర్శ ఎలా చూడాలి?

ప్రశ్న: కాలవగట్టు నర్సమ్మ

అందరికీ నమస్కారమండి. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఆడవాళ్లు, భీమవరం వైపు రొయ్యల షెడ్లలో చేసేవాళ్లు చేతుల తిమ్మిరంటూ వస్తుంటారు. వాళ్లని ఇంటి దగ్గరే ఎలా చూడాలో ఆశా కార్యకర్తలకి రెండు పూటల శిక్షణ ఇవ్వాలి. ఏది ఎందుకు చేస్తున్నామో వాళ్లకి అర్థం కాకపోతే నాలుగు రోజుల్లో మర్చిపోతారు. అందుకే అడుగుతున్నాను.

చిక్కల్లా ఇక్కడుంది. లేసు అల్లే మనిషి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయని, దారం వేళ్ల మధ్య ఉందో జారిందో చూస్తే గానీ తెలియట్లేదని అంటుంది. దూదితో తాకితే మాత్రం ప్రతిసారీ "ఆ, తెలుస్తోంది" అంటుంది. మా దగ్గరున్నది షుగరు కాళ్లు చూసే 10 గ్రాముల (అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగే) నైలాన్ పోగు ఒక్కటే. వేలికొస మీద అదీ తెలుస్తోంది. కాగితం మీద "స్పర్శ ఉంది" అని రాసి పంపేస్తాం, ఆవిడ తిమ్మిరి ఆవిడతోనే ఉండిపోతుంది.

దూది పట్టుకోలేనిది ఏమిటి? ఇంట్లో దొరికే వాటితో ఇంకాస్త సన్నంగా చూడొచ్చా? మచ్చ ఉన్నవాళ్లలో కుష్ఠు అనుమానం వస్తే ఇదే వరసలో చూడాలా, వేరే పద్ధతా?

జవాబు: నరాల పంతులు

నర్సమ్మ గారూ, ఆవిడ చెప్పేదీ నిజమే, దూది చెప్పేదీ నిజమే. స్పర్శకి మనం ఒక్క పేరు పెట్టుకున్నాం గానీ చర్మం కింద అది ఒక్కటి కాదు.

వేలికొసలో ముఖ్యంగా నాలుగు రకాల స్పర్శ గ్రాహకాలు ఉంటాయి. మెర్కెల్‌వి పైపొర అడుగునే ఉండి అంచు, గరుకు, ఆకారం చెబుతాయి. వేలు ఆన్చి ఉంచినంతసేపూ చెబుతూనే ఉంటాయి. మైస్నర్‌వి వేలిముద్ర గీతల కిందే, పైకి దగ్గరగా ఉంటాయి. ఏదైనా తగిలినప్పుడోసారి, తీసినప్పుడోసారి మోగి ఊరుకుంటాయి. వాటి పని కదలిక, జారుడు కనిపెట్టడం. పాసినీవి లోతుగా, ఉల్లిపాయ పొరల్లా చుట్టుకుని ఉంటాయి. ఒక్కోటి దాదాపు 1 మి.మీ. పొడవు. సెకనుకు 200, 300 సార్లు అదిరే వణుకు వాటికి బాగా అందుతుంది. రఫీనీవి చర్మం సాగడం చూసుకుంటాయి.

ఇప్పుడు దారం సంగతి. లేసు సూది కొక్కేనికి దారం తగులుకున్నప్పుడు రెండు వేళ్ల మధ్య దారం వెంట్రుకవాసి జారుతుంది. ఆ జారుడుకి మైస్నర్ గ్రాహకాలు మోగుతాయి. సెకనులో పదోవంతు లోపే వేళ్లు తమంతట తామే పట్టు బిగిస్తాయి. మనకి ఆ బిగించిన సంగతే తెలియదు. ఈ వార్త సన్నగిల్లితే ముందు దారం జారుతుంది. తర్వాత మనిషి భయపడి అవసరానికి మించి గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, మణికట్టు మీద ఇంకా భారం పడుతుంది. దూది రాసినప్పుడేమో ఒకేసారి వందల గ్రాహకాలు కదులుతాయి. సగం చచ్చుబడినా మిగతా సగం "ఏదో తగిలింది" అని చెప్పేస్తాయి. "ఏదో తగిలింది" అన్నంత మాత్రాన లేసు అల్లడం కుదరదు.

ఇక తీగలు. పై నాలుగింటి వార్తనీ మోసేవి లావు నరపు తీగలు, వాటి పేరు ఎ-బీటా. మైలిన్ తొడుగు దిట్టంగా ఉంటుంది, వేగం సెకనుకు 35 నుంచి 75 మీటర్లు. చల్లదనం, చురుక్కుమనే నొప్పి సన్నటి ఎ-డెల్టా తీగల మీద వస్తాయి, వేగం 5 నుంచి 30 మీటర్లు. వెచ్చదనం, మంట, దురద తొడుగే లేని సి తీగల మీద వస్తాయి. అవి సెకనుకు అర మీటరు నుంచి 2 మీటర్లు, అంటే గట్టు మీద మనిషి నడిచినంత. ఆశాలకి దీన్ని పల్లేరుకాయతో చెప్పండి. కాల్లో గుచ్చుకోగానే చురుక్కుమంటుంది, ఓ క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. కాలి నుంచి వెన్ను దాకా మీటరు దూరం అనుకుంటే మొదటి వార్త సెకనులో ఇరవయ్యో వంతులో చేరింది, రెండోది సెకను తీసుకుంది. ముల్లు ఒకటే, తీగలు రెండు.

ఏ తీగ ముందు పాడవుతుందన్నదే మీకు అసలు ఆధారం. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతే లావు తీగలు ముందు దెబ్బతింటాయి. సన్నటి తాకిడి, వణుకు ముందు తగ్గుతాయి, వేడీ నొప్పీ చాలాకాలం బాగానే ఉంటాయి. కుష్ఠులో తిరగబడుతుంది. వేడి, చల్లదనం ముందు పోతాయి, తర్వాత తేలికపాటి తాకిడి, ఆ తర్వాత నొప్పి. వేళ్లు ఏ వైపు వంగాయో చెప్పే జ్ఞానం, వణుకు మాత్రం నిలుస్తాయి. షుగరులో రెండు రకాలూ పాడవుతాయి, పొడవాటి తీగల కొసలు ముందు. అందుకే కాలివేళ్లతో మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. కాబట్టి అందరికీ ఒకే దూది పెట్టి చూస్తే ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు.

అన్నట్టు, తాకిడిని కరెంటుగా మార్చే పీజో2 అనే ప్రోటీన్‌నీ, వేడినీ మిరపకాయ ఘాటునీ ఒకే తలుపులోంచి లోపలికి పంపే టీఆర్‌పీవీ1నీ కనుక్కున్నందుకే 2021లో ఆర్డెమ్ పటపూటియన్, డేవిడ్ జూలియస్‌లకి వైద్య నోబెల్ వచ్చింది. ఆ టీఆర్‌పీవీ1 తలుపు 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. పచ్చిమిరపకాయలు తరిగిన చేతులు నిజంగా కాలినట్టే మండేది అందుకే. నీళ్లతో కడిగితే పోదు, ఆ ఘాటు నీళ్లలో కరగదు. ముందు నూనె రాసి, ఆ తర్వాత సబ్బు పెట్టాలి.

జవాబు: లంక ఫిజియో

పంతులు గారు ఎందుకన్నది చెప్పేశారు, నేను ఎలాగన్నది చెబుతాను.

10 గ్రాముల పోగు అరికాలికి పెట్టిన కొలత. చేతి వేలికొస మామూలుగా 0.07 గ్రాముల పోగునే పట్టేస్తుంది. చేతికి కాపాడే స్పర్శ ఉందా లేదా అనడానికి గీత 2 గ్రాముల దగ్గర గీస్తారు. దానికంటే అయిదింతలు మొరటుగా ఉన్నదాన్ని వేలి మీద పెట్టి "బాగుంది" అంటే ఎలాగండి? చేతికి వాడే సన్న పోగుల సెట్టు తెప్పించండి, వేరే దారి లేదు. వాటిలో 0.07ది తెలిస్తే మామూలు. 0.07ది తెలియక 2 గ్రాములది తెలిస్తే స్పర్శ తగ్గింది గానీ చెయ్యి తనని తాను ఇంకా కాపాడుకోగలదు. 2 గ్రాములదీ తెలియకపోతే పొయ్యి దగ్గర జాగ్రత్త చెప్పాల్సిందే.

పెట్టే తీరులోనే సగం తప్పులు జరుగుతాయి. ముందు మోచేతి కింద ఓసారి తాకించి "ఇలా ఉంటుంది" అని చూపించండి, ఆ తర్వాత కళ్లు మూయించండి. చేతిని తువ్వాలు మీద ఆనించాలి, గాల్లో ఉంటే వేలు కదిలి మోసం చేస్తుంది. పోగుని నిలువుగా ఆన్చి, విల్లులా వంగేదాకా నొక్కి, సెకను, సెకనున్నర ఉంచి తీసేయాలి. రాయకూడదు. రాస్తే జారుడు గ్రాహకాలు కూడా మోగుతాయి, అప్పుడు మీరు కొలుస్తున్నది వేరేది. కాయ కట్టిన చోట వద్దు. "తెలిసిందా?" అని ప్రతిసారీ అడక్కండి. మర్యాదకి "ఆ" అనేస్తారు, మన వైపు మరీనూ. తెలిసినప్పుడు తనే చెప్పమని, మధ్యమధ్యలో తాకించకుండా ఊరికే ఆగి చూడండి. ఏమీ తగలకుండానే "ఆ" అంటే ఆ పరీక్ష చెల్లదు, మళ్లీ మొదటి నుంచి. సన్న పోగు అయితే ఒకే చోట మూడుసార్లు పెట్టి, ఒక్కసారి తెలిసినా తెలిసినట్టే లెక్క.

ఎక్కడ పెట్టాలంటే చూపుడువేలి కొస, చిటికెనవేలి కొస. మొదటిది మీడియన్ నరానిది, రెండోది అల్నార్ నరానిది, వాటిలో ఇంకో నరం వేలు పెట్టదు. చూపుడువేలు మందంగా ఉండి చిటికెనవేలు బాగుంటే చూపు మణికట్టు మీద పెట్టండి. ఇంకో గట్టి గుర్తు ఉంగరపువేలు. దాన్ని నిలువునా రెండుగా చీల్చినట్టు మధ్యవేలి వైపు సగం మొద్దుగా, చిటికెనవేలి వైపు సగం మామూలుగా ఉంటే తేడా చేతి నరంలో ఉంది, మెడలో కాదు. మెడలో ఆరో నరపు వేరు నొక్కుకుంటే బొటనవేలితో పాటు ముంజేతి అంచు కూడా తిమ్మిరెక్కుతుంది, ఉంగరపువేలు అలా చీలదు. బొటనవేలి కింద అరచేతి కండ మీద స్పర్శ బాగుంటే అది కూడా మణికట్టునే చూపిస్తుంది, ఎందుకంటే ఆ చోటికి వెళ్లే మీడియన్ నరపు కొమ్మ, మిగతా నరం ఇరుక్కునే మణికట్టు సొరంగంలోంచి పోకుండా పైనుంచి పోతుంది.

మణికట్లు రెండూ కిందికి వంచి, చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆన్చి 60 సెకన్లు ఉంచమనండి. ఆలోపు వేళ్లు జివ్వుమంటే అనుమానం బలపడుతుంది. రాత్రి తిమ్మిరితో లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా అని కూడా అడగండి, ఆ ఒక్క మాటకి చాలా విలువుంది. పిన్నీసు రెండు మొనల పరీక్ష (వేలికొస మీద 5, 6 మి.మీ. దూరంలో రెండుగా తెలియాలి) చెయ్యొచ్చు గానీ దాన్ని నమ్ముకోకండి. నరం నొక్కుడులో అది చాలా ఆలస్యంగా గానీ చెడదు.

వైద్యం డాక్టరు గారి పని. అందాకా రాత్రిళ్లు మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచే పట్టీ, పగలు అరగంటకోసారి సూది దించడం. షుగరు, థైరాయిడ్, గర్భం ఉన్నాయా కనుక్కోండి, ఈ మూడింటిలోనూ ఇది ఎక్కువ. బొటనవేలి కింద కండ పల్చబడితే ఆలస్యం చెయ్యకుండా పంపేయాలి.

రొయ్యల షెడ్డు వాళ్లని పని దిగగానే చూడొద్దు. మంచులో చెయ్యి పెట్టి వచ్చినవాళ్లకి ఎవరికైనా మొద్దుగానే ఉంటుంది. చర్మం ఒక డిగ్రీ చల్లబడితే నరపు వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు పడిపోతుంది. చేతులు తుడుచుకుని, అరగంట కూర్చుని, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నప్పుడు చూడండి.

జవాబు: పేట కాంపౌండరు

ఫిజియో గారు ఒకటి వదిలేశారు. నైలాన్ తేమని పీల్చి మెత్తబడుతుంది. మన దగ్గర ఊడ్పుల రోజుల్లో గాలి పిండితే నీళ్లు కారేలా ఉంటుంది కదా, అప్పుడు 10 గ్రాములని రాసి ఉన్న పోగు ఇంకా తక్కువకే వంగిపోతుంది. బాగున్న కాలు కూడా "తెలియట్లేదు" అంటుంది, ఊరికే షుగరు కాలని రాసేస్తాం.

సరిచూడటం తేలికే. వంటింటి డిజిటల్ కాటా పళ్లెం మీద పోగుని నిలువుగా ఆన్చి వంగేదాకా నొక్కండి. అంకె 9, 11 మధ్య ఆగితే వాడుకోవచ్చు. 8కి దిగితే పక్కన పడేయండి. 2 గ్రాముల దానికి వంటింటి కాటా పనికిరాదు, కంసాలి కాటా కావాలి. పది మందిని చూశాక పోగుకి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. మందు డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి పెట్టెలో వేసి మూతేయండి, ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసినట్టు.

మచ్చ గురించి. దూదిని మొనదేలేలా మెలిపెట్టి ఆన్చాలి, రాయకూడదు. వెంట్రుకలున్న చోట రాస్తే వెంట్రుక కుదుళ్లలోని నరాలు లేచి "తెలుస్తోంది" అనిపిస్తాయి. ముందు మచ్చ పక్కన మామూలు చర్మం, తర్వాత మచ్చ నడుమ. తెలిసిన చోటు వేలితో చూపించమనాలి. కుష్ఠులో వేడి ముందు పోతుందని పంతులు గారు చెప్పారు కాబట్టి రెండు గాజు గొట్టాల పరీక్ష వదలకండి. ఒకదాంట్లో 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు, ఇంకోదాంట్లో ఫ్రిజ్ నీళ్లు. చన్నీళ్లకి ట్యాంకు నీళ్లు పట్టొద్దు. మే నెలలో మన ట్యాంకు నీళ్లూ చర్మమూ ఇంచుమించు ఒకే వేడిలో, 32, 34 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఎవరికి పెట్టినా చల్లగా అనిపించదు. గొట్టాల బయట తడి తుడిచి పెట్టండి. తడి వేరే వార్త చెబుతుంది.

ముఖం మీది మచ్చలో స్పర్శ బాగున్నంత మాత్రాన కుష్ఠు కాదనుకోవద్దు, అక్కడ నరాలు దట్టం. మోచేతి వెనక అల్నార్ నరం తాడులా లావెక్కిందేమో రెండు వైపులా తడిమి పోల్చండి. అనుమానం ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపడమే. మందులు ఉచితం, మచ్చలు అయిదుకి మించకుండా ఉండి నరం లావెక్కకపోతే మామూలుగా 6 నెలలు, లేకపోతే 12 నెలలు.

కాలవగట్టు నర్సమ్మ

చాలా సంతోషమండి, కాటా సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు. తిమ్మిరంటే "రక్తం ఆడటం లేదు" అని అందరూ అంటారు, ఆశాలూ అదే చెబుతారు. దాన్ని ఎలా సరిదిద్దాలి? రెండోది, షుగరు మాత్రలు ఏళ్ల తరబడి వేసుకునే పెద్దవాళ్లు కొందరు కాళ్ల కింద దూది పరిచినట్టుందని అంటున్నారు. వాళ్లకి పోగు తెలుస్తోంది.

జవాబు: నరాల పంతులు

మఠం వేసుక్కూర్చుంటే కాలు తిమ్మిరెక్కేటప్పుడు పాదం మీద నాడి పట్టి చూడమనండి, కొట్టుకుంటూనే ఉంటుంది. నొక్కుకున్నది నరం. నరానికి తనవైన సన్నటి రక్తనాళాలుంటాయి, అవి నలిగి వార్త ఆగుతుంది. కాబట్టి "రక్తం ఆడటం లేదు" అన్నది పూర్తిగా తప్పేం కాదు, కాలికి కాదు నరానికి ఆడట్లేదు. కాలు చాపగానే నరం తేరుకుంటూ ఎవరూ తాకకుండానే తనంతట తాను వార్తలు పంపుతుంది, అదే ఆ చీమలు పాకడం.

ఇది నిమిషాల్లో పోతే ఫర్వాలేదు. గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసేవాళ్లలో మోకాలి బయటి వైపు, ఎముక బుడిపె దగ్గర నరం నలిగి పాదం పైకి లేవకుండా వేలాడిపోవచ్చు. మడమల మీద నడవమనండి. ఒక పాదం నేలకి కొట్టుకుంటూ ఉండి, పాదం పైభాగం మొద్దుగా ఉంటే ఆ రోజే పంపాలి.

రెండోది మంచి ప్రశ్న. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు. బి12 తగ్గితే వెన్నుపాములోని వెనక భాగపు దారి చెడుతుంది. తాకిడి, వణుకు, కీళ్ల స్థితి మోసే తీగలు ఆ దారినే, వచ్చిన వైపే పైకెళ్లి మెదడు మొదట్లో గానీ అవతలి వైపుకి దాటవు. నొప్పి, వేడి తీగలు మాత్రం వెన్నులోకి రాగానే అవతలికి దాటి వేరే దారి పడతాయి, అందుకే అవి బాగుంటాయి. (కొబ్బరి దింపు తీస్తూ పడ్డవాళ్లలో వెన్నుపాము ఒక పక్కే దెబ్బతింటే ఒక కాలికి వణుకు తెలియక, రెండో కాలికి వేడి తెలియకపోవడానికీ ఇదే కారణం.)

అడగాల్సిన మాట ఒకటుంది: కాలవ రేవులో ముఖం కడుక్కుంటూ కళ్లు మూస్తే తూలుతున్నారా? కళ్లు తెరిచి ఉన్నంతసేపూ చూపు కాళ్ల పని చేసిపెడుతుంది. మూసేసరికి కాళ్లెక్కడున్నాయో చెప్పేవాళ్లు ఉండరు. పరీక్షకి కాలి బొటనవేలిని పక్కల నుంచి పట్టుకుని కాస్త పైకో కిందికో కదిపి ఎటో చెప్పమనండి. పైనా కిందా పట్టుకుంటే మీ వేళ్ల ఒత్తిడే జవాబు చెప్పేస్తుంది. తర్వాత సెకనుకు 128 కంపనాల శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్కు) కాలి బొటనవేలి ఎముక మీద పెట్టి, వణుకు ఎప్పుడు ఆగిందో అడగండి. మధ్యలో ఓసారి చప్పుడు కాకుండా దాన్ని మీరే చేత్తో ఆపి చూడండి. పోగు తెలిసి, ఈ రెండూ తప్పితే బి12 రక్తపరీక్షకి రాయించండి.

జవాబు: లంక ఫిజియో

ఇంకో పరీక్ష ఉంది, దీనికి మనిషి నోటి జవాబు అక్కర్లేదు. చిన్నపిల్లలకీ, "ఆ ఆ" అనేవాళ్లకీ పనికొస్తుంది. నీళ్లలో నానితే వేళ్లు ముడతలు పడతాయి కదా, అది చర్మం ఉబ్బడం వల్లనే అనుకుంటారు. అసలు పని సింపతెటిక్ నరాలది, అంటే మన ప్రమేయం లేకుండా రక్తనాళాల్నీ చెమటనీ నడిపించే నరాలది. చెమట రంధ్రాల్లోంచి నీరు లోపలికి దిగుతుంది, నరాలు వేలికొసలోని రక్తనాళాల్ని బిగిస్తాయి, లోపలి కండ కుంచించుకుని పైచర్మం లోపలికి లాక్కుంటుంది. నరం తెగిన వేలు ఎంత నానినా నున్నగానే ఉంటుంది.

రెండు చేతులూ 40 డిగ్రీల నీళ్లలో 30 నిమిషాలు ముంచి, తీసి పక్కపక్కన పోల్చండి. చిటికెనవేలు ముడతలు పడి, చూపుడువేలు పడకపోతే ఆ నరానికి తేడా ఉన్నట్టు. అప్పటిదాకా ఊడ్పుల్లో నానిన చేతులకి పనికిరాదు, ఆ రోజు వదిలెయ్యండి. అంతర్వేది వైపు ఉప్పు బోరు నీళ్లు కూడా వద్దు, ఉప్పులో ముడతలు ఆలస్యంగా వస్తాయి, మంచినీళ్లే పట్టండి. నీళ్ల వేడి మాత్రం థర్మామీటరు పెట్టే చూడాలి. "ఎలా ఉన్నాయో చెయ్యి పెట్టి చూడమ్మా" అని ఆవిడనే అడిగితే, ఏ చేతిని మనం అనుమానిస్తున్నామో ఆ చేతినే అడిగినట్టు.